నలభై రెండు శాతం

నా భార్య కొమురవ్వను చంపింది ఒక అబద్ధపు అంకె. పత్తిచేనులో ఆమె కూలిపోయినప్పుడు కూడా, ఆమె మణికట్టు మీద గుండె బ్యాటరీ నలభై రెండు శాతం చూపిస్తూనే ఉంది.

మా ఊళ్లో యాభై దాటిన ప్రతివారి గుండె ఇప్పుడు బ్యాటరీ మీదే నడుస్తుంది. పొద్దున్నే పశువులకు మేత వేసి, మాకు మేము ఛార్జింగు పెట్టుకుంటాం. నిన్న నర్సు స్వరూప నా అంకె చూసి పెదవి విరిచింది.

"దవాఖానకు రా పెద్దబాపూ. బ్యాటరీని సున్నా దాకా దించి, మళ్ల నూరు దాకా ఎక్కిస్తం. అప్పుడే అంకె నిజం చెప్తది. ఒక్క రోజు పని."

"సున్నా అయితే నేను సావనా?"

"అప్పటిదాకా వేరే మిషను నడిపిస్తది. నువ్వు అంత జల్దిన పొయ్యెటోనివి కాదుగని, లే."

"ముందుగాల ఈ మిషన్లు చేసినోళ్లను పండవెట్టి దించుపో!"

ఆమె ఊరుకోలేదు. "నిరుడు పెద్దమ్మకు మూడుసార్లు చెప్పిన. చీటీ గూడ రాసిచ్చిన. ఎందుకు రాలే?"

ఆ చీటీ ఇంకా గూట్లోనే ఉంది. కొమురవ్వ దాన్ని చేత్తో పట్టుకుని నన్ను అడిగిన రోజు పత్తికాయలు పగిలి ఏరడానికి సిద్ధంగా ఉన్నాయి, మబ్బు పట్టింది, కూలీలు దొరకలేదు.

"అంకె మంచిగనే ఉన్నది గదనే. పత్తి ఏరినంక పోదువు తియ్" అన్నాను.

చెప్పులు తొడుక్కుని, స్వరూపకంటే ముందే దవాఖాన దారి పట్టాను. కొమురవ్వతో నేనన్న ఆ మాట ఇక్కడ ఒక్కసారి రాశాను. ఇకమీదట ఎవరు అడిగినా నోరు విప్పను.