ఎర్రదారం ముడి

“చేపల వేట నిషేధం రోజుల్లో బండీపూర్ అడివికి పోదాం నాయనా. ఏనుగులు, పులులు ఉండాయంట,” ఫోన్ చూస్తూ అన్నది కూతురు బిందు.

“అట్నే పోదాంలేమ్మా.” మైపాడు ఒడ్డున కూర్చుని, నరసయ్య చిరిగిన వలకు ఎర్రదారంతో ముడులు వేస్తున్నాడు. ఆ రేవులో ఎర్రదారం వాడేది ఆయనొక్కడే.

“అక్కడ జంతువుల్ని ఇబ్బంది పెట్టకూడదని రాసుండాది.”

“మనమేం చేస్తాం వాటిని!”

అంతలో భార్య పోలేరమ్మ కుంకుమ భరిణెతో వచ్చింది. “తాబేలు చచ్చి కొట్టుకొచ్చింది. వలలో పడితే బొట్టు పెట్టి, దండం పెట్టి వదుల్తాం గదా మనం. ఎవురో వల కోసి, చిక్కుతోనే నీళ్లలోకి తోసేసినారు.”

తాబేలు మెడకు చుట్టుకున్న వల ముక్కను ఆయన ముందు పెట్టింది. అందులో ఎర్రదారం ముడి ఉంది.

“మొన్న గాలి ఎక్కువగా ఉండె. తొందరపడినా,” అన్నాడు నరసయ్య మెల్లగా.

“నాయనా, బండీపూర్ టిక్కెట్లకు ఫోన్లో పేర్లు రాయమంటా ఉండాది. ముందు నీది రాసేదా?”

“నాది ఇప్పుడొద్దమ్మా.” ఆయన లేచి భార్య ముందు చెయ్యి చాపాడు. “ఆ భరిణె ఇటియ్యి. అది బతికుండంగా నేను పెట్టాల్సిన బొట్టు.”