మొక్కు తీరేదాకా

"కాస్త జరుగుతారా పిన్నిగారూ? కింద బెంచీలన్నీ నిండిపోయాయండి," అందా నిండు చూలాలు.

చంద్రకళ జరిగింది. జరుగుతూనే చీర కుచ్చెళ్లు దగ్గరికి లాక్కుంది.

తెనాలిలోని ఆ ఆసుపత్రిలో కింది అంతస్తులో కాన్పులు, పై అంతస్తులో కళ్లు. కిందివాళ్లు పైకి రావడం చంద్రకళకు ఏమంత నచ్చలేదు. అసలు ఆ పూట ఆవిడకు ఏదీ నచ్చేలా లేదు.

చెరుకుపల్లి దగ్గర వాళ్లకు రొయ్యల చెరువుంది. పొద్దున చెరువులో సున్నం చల్లుతుంటే గాలి తిరిగింది. సున్నం తిన్నగా వచ్చి ఆవిడ భర్త శివరామయ్య కుడికంట్లో పడింది. ఎడమ కన్ను చిన్నప్పుడే గడ్డిపుల్ల గుచ్చుకుని పోయింది. ఇప్పుడు ఉన్నది ఆ ఒక్కటే.

మొగుణ్ని ఆటో ఎక్కించే హడావుడిలో కూడా చంద్రకళ ఒక పని మరిచిపోలేదు. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల మూటగట్టి బాపట్ల భావనారాయణస్వామికి ముడుపు కట్టింది. చూపు నిలబెడితే వచ్చి చెల్లించుకుంటానని మొక్కుకుంది.

డాక్టరుగారు ఇద్దరికీ వివరంగానే చెప్పారు. భయంలో చంద్రకళ చెవికెక్కింది సగమే. నల్లగుడ్డు కాలింది. పల్చటి పొరేదో అతికించాలి. అది ఎవరైనా ఇవ్వాలి. దూరం నుంచి తెప్పించాలంటే ఆలస్యమవుతుంది.

ఆలస్యమైతే ఏమవుతుందని అడగడానికి ఆవిడకు నోరు రాలేదు.

బెంచీ మీది అమ్మాయి పేరు పద్మజ. రేపల్లె అవతల హార్బరు దగ్గర వాళ్ల ఊరు. మొగుడు బోటు మీద వేటకెళ్లాడట. మర్నాడు ఆపరేషను చేసి బిడ్డను తీస్తారట. తన సంగతి రెండు ముక్కల్లో ముగించి, "మీకేంటండీ కష్టం?" అని అడిగింది.

అడగడమే ఆలస్యం, చంద్రకళ అంతా వెళ్లబోసుకుంది. సున్నం, పొర, ముడుపు, అన్నీ.

"మొక్కు తీరేదాకా ఏ మైలా సోకకూడదమ్మా. సోకిందంటే ఆయన కన్ను..." అంటూ ఆగిపోయింది.

"బాబాయిగారికి ఏం కాదులెండి," అంది పద్మజ. పొట్ట పట్టుకుని మెల్లగా లేచి వెళ్లింది.

మర్నాడు మధ్యాహ్నం పొర దొరికిందని శివరామయ్యను లోపలికి తీసుకెళ్లారు. ఎవరిచ్చారని చంద్రకళ అడగలేదు. దొరికింది, అంతే చాలు. తలుపు బయట నిలబడి స్వామిని తలుచుకుంటూ గోళ్లు కొరుక్కుంది.

కంటికి కట్టు కట్టి బయటికి తెచ్చారు. ఇక మిగిలింది ఎదురుచూడటమే, అదే ఆవిడ ప్రాణం తోడేసింది. కట్టు తడిగా కనబడినా భయమే, పొడిగా ఉన్నా భయమే.

రెండ్రోజులు పోయాక గుమ్మంలో అలికిడైంది.

పద్మజ. ఒక చేత్తో గోడ, ఇంకో చేత్తో కుట్లు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"ఆడపిల్లండి పిన్నిగారూ. బాబాయిగారికి ఎలా ఉంది?" అంటూ లోపలికి అడుగు పెట్టబోయింది.

చంద్రకళ ఒక్క ఉదుటున లేచి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"అక్కడే ఆగు. పురిటి మైలతో ఆయన దగ్గరికి వస్తావా? చెప్పానుగా, ముడుపుందని."

పద్మజ పెట్టబోయిన అడుగు వెనక్కి తీసుకుంది.

"పొరపాటేనండి. కన్ను ఎలా ఉందో కనుక్కుందామని వచ్చాను," అంది. గుమ్మం బయటి నుంచే ఆ కట్టు వైపు ఒకసారి చూసి, మళ్లీ గోడ పట్టుకుని వెళ్లిపోయింది.

ఎవరే ఆ పిల్ల అని శివరామయ్య మంచం మీద నుంచే అడిగాడు.

"ఎవరో లెండి," అంది చంద్రకళ. అప్పటికే గుమ్మంలో పసుపునీళ్లు చల్లుతోంది. నర్సు చూసి చీవాట్లు పెట్టినా ఆవిడ లెక్కచేయలేదు.

నెల తిరిగేసరికి శివరామయ్య గోడ మీది క్యాలెండరులో తిథులు చదివాడు. చంద్రకళ సంతోషం పట్టలేక ఏడ్చేసింది. భర్తను వెంటబెట్టుకుని బాపట్ల వెళ్లి ముడుపు చెల్లించింది. అటునుంచి అటే తెనాలి వచ్చి డాక్టరుగారి చేతిలో ప్రసాదం పెట్టింది.

ఆయన కళ్లకద్దుకుని, "అయితే మొక్కు తీరినట్టేనా అమ్మా?" అన్నారు.

చంద్రకళ తెల్లబోయింది. ఆయనకు మొక్కు సంగతి తను చెప్పనేలేదు.

"తీరిందండి. మీకెలా తెలుసు?"

ఇక చెప్పొచ్చన్నమాట అనుకుంటూ ఆయన మొదలుపెట్టారు. కంటికి అతికించిన పొర తల్లి కడుపులో బిడ్డ చుట్టూ ఉండేది. కాన్పులో మాయతోపాటు బయటికొస్తుంది. ఒకప్పుడు పారేసేవాళ్లు. కాలిన కళ్లను మాన్పే గుణం దానికుందని పరిశోధనల్లో తేలింది, ఇంకా ఎన్ని గాయాలకు పనికొస్తుందో చూస్తున్నారు. ఇదంతా మొదటిరోజే చెప్పానని, శివరామయ్యగారు శ్రద్ధగా విన్నారని కూడా అన్నారు.

శివరామయ్య భార్య వైపు చూడకుండా పైకప్పు చూస్తూ కూర్చున్నాడు.

చంద్రకళ డాక్టరుగారి వైపు తిరిగింది. "ఎవరిదండీ అది?"

"మీరు బెంచీ మీద చెప్పిన సగం మాట పట్టుకుని ఆ సాయంత్రమే నా దగ్గరికి వచ్చిందమ్మా, తనది పనికొస్తుందేమోనని. పరీక్షలన్నీ చేసి పనికొస్తుందన్నాక, నా దగ్గర ఒక్క మాట తీసుకుంది. 'పిన్నిగారి మొక్కు తీరేదాకా ఎవరిదో చెప్పకండి, మైల సోకిందని బెంగపెట్టుకుంటారు' అని."