మూడో కాన్పు

"చెల్లీ, ఆ చట్టం ఎత్తేశారే! ముగ్గురు పిల్లలున్నా ఇక కౌన్సిలర్‌గా ఉండొచ్చు. నా పాపని తీసుకెళ్తాను," అంది అక్క, గుమ్మంలోనే.

పదవి పోతుందన్న భయంతో అయిదేళ్ల కిందట మూడో కాన్పు దాచి, పొత్తిళ్లలోని బిడ్డను చెల్లెలి చేతుల్లో పెట్టింది అక్కే.

చెల్లెలు పాప గౌన్లు మడిచి సంచిలో పెట్టసాగింది.

"దీపం ఆర్పితే జడుసుకుంటుందక్కా. తలంటేటప్పుడు కుడిచెవిలోకి నీళ్లు పోనివ్వకు. కొత్తలో నాకోసం ఏడుస్తుంది, కోప్పడకేం..."

కన్నది తనే అయినా, ఇందులో ఒక్కటీ అక్కకు తెలియదు. సంచిలోని గౌన్లు ఒక్కొక్కటే తీసి మళ్లీ అలమరలో సర్దింది.

చెల్లెలు ఆ చేతులు పట్టుకుని బావురుమంది.

అంతలో పెరట్లోంచి పాప పరుగెత్తుకొచ్చింది. "పెద్దమ్మా, ఎప్పుడొచ్చావ్?"

"ఇప్పుడేనమ్మా," అంది అక్క కళ్లు తుడుచుకుంటూ. "నిన్నోసారి చూసి పోదామని."