ఖాళీ చేసిన ఇల్లు

తెల్లవారేసరికి మబ్బు కమ్మింది కానీ చినుకు రాలలేదు. ఆఫీసులో అక్కా తమ్ముడూ ఒకే తెర ముందు కూర్చున్నారు. రాత్రి ఎవడో, వీళ్ళు సాఫ్ట్‌వేర్ రాసిచ్చిన ఆసుపత్రి సిస్టంలోకి అడ్మిన్‌గా దూరి, రోగుల మందుల వివరాలన్నిటికీ తాళం వేశాడు.

“మొదటి అడ్మిన్‌కి లోపలికెళ్ళే టోకెన్ ఇచ్చే ఏపీఐ ప్రోగ్రాం నువ్వు రాసిందేగా? ఒక్కసారి ఇచ్చాక తలుపు మూసుకోవాలని చెప్పానా లేదా?”

“మూసుకుంటుందక్కా. లోపల ఒక్క యూజరున్నా తెరుచుకోదు.”

“ఒక్కరూ లేకపోతే?”

“కొత్త ఆసుపత్రి అనుకుని, ముందొచ్చినవాడికి ఇస్తుంది.”

“నిన్న ఆసుపత్రివాళ్ళు మెషీన్ మారుస్తూ పాత యూజర్లందర్నీ తీసేశారు కదరా.”

తమ్ముడు తెరిచిన యూజర్ల జాబితాలో రాత్రి చేరిన ఒక్క పేరే ఉంది.

“ఖాళీ చేసిన ఇంటిని కొత్తిల్లనుకుని, దారినపోయే దానయ్యకి తాళంచెవి ఇచ్చావు” అంది అక్క.

ఫోన్ మోగింది. ఆమె విని, నెమ్మదిగా పెట్టేసింది.

“వివరాలు కనబడక, ఒక పెద్దాయనకి పడని మందు ఎక్కించారట.”

“ఎలా ఉన్నాడు?”

అక్క క్యారేజీ విప్పింది. రెండు గిన్నెల్లో అన్నం పెట్టింది.

“తిను. ఆయన ఎందుకు పోయాడో పిల్లలకి మనమే చెప్పాలి. నేనూ వస్తాను.”

ఇద్దరూ తలవంచుకుని తిన్నారు.