మొదటి వరుసలో ధర్మాసనం

“ఆ చివరి పేజీ తీసెయ్,” అంది గైడు, సెమినారు గది గుమ్మం దగ్గర గొంతు తగ్గించి.

“అది తీసేస్తే ఇంకేం మిగుల్తుంది మేడమ్?”

“డిగ్రీ మిగుల్తుంది.”

పరిశోధకురాలు కాగితాలను గుండెలకు హత్తుకుంది. ఐదేళ్ళ శ్రమ, పద్దెనిమిది పేజీలు. మొదటి పదిహేడూ ఎవరినీ నొప్పించవు. పద్దెనిమిదోది మాత్రం, ముప్పై ఒక్క సంవత్సరాలుగా ఆ గణితశాఖ యావత్తూ ఏ సిద్ధాంతం నీడన కాపురం చేస్తున్నదో, ఆ సిద్ధాంతమే తప్పని నిరూపిస్తుంది.

“నీకంటే ముందు ముగ్గురికి ఇదే అనుమానం వచ్చింది,” అంది గైడు. “ఒకడు బీమా పాలసీలు అమ్ముకుంటున్నాడు. ఒకామె చిన్నపిల్లలకి ఎక్కాలు చెబుతోంది. మూడోవాడి ఊసు మేం ఎత్తం.”

“వాళ్ళ లెక్క తప్పా?”

“ఆయన ప్రశ్న అడిగారు. ఆ తర్వాత వాళ్ళ లెక్క ఎవరూ చూడలేదు.”

“నాది చూస్తారు. అంతటి గణితజ్ఞుడు, కళ్ళముందు పెడితే కాదంటారా?”

“నీ నమ్మకం చూస్తేనే నాకు భయమేస్తోంది,” అని గైడు లోపలికి నడిచింది.

‘ఆయన’ అంటే ఆ సిద్ధాంతకర్త. విద్యార్థులు చాటుగా పెట్టుకున్న పేరు ధర్మాసనం. ప్రతి గురువారం సాయంత్రం నాలుగింటికి మొదటి వరుస నడిమి కుర్చీని అలంకరించి, రెండు బిస్కెట్లు ఆరగించి, కళ్ళు మూసుకుంటారు. ఆ కళ్ళు తెరుచుకోనంత వరకూ వక్తకు క్షేమం. ఆయన ప్రశ్నించక మునుపు మరెవరూ నోరు విప్పరాదన్నది ఎక్కడా రాసిలేని శాసనం. ఇన్నేళ్ళలో ఒక్క గురువారమూ తప్పలేదు. కన్నకూతురి పెళ్ళినాడు సైతం ఇక్కడి ప్రసంగం ముగిశాకే మండపానికి వెళ్ళారట. శాస్త్రం మీద ఆ మమకారాన్ని తలచుకుని శాఖాధ్యక్షుడు ప్రతి వీడ్కోలు సభలోనూ కళ్ళు ఒత్తుకునేవాడు.

పదిహేడు పేజీలు ప్రశాంతంగా గడిచాయి. ఆమె బోర్డు తుడిచి, పైన ‘ప్రత్యుదాహరణ’ అని రాసింది: సిద్ధాంతం తప్పని తేల్చే ఉదాహరణ.

కళ్ళు తెరుచుకున్నాయి.

గదిలో ఫ్యాను చప్పుడు అంతవరకూ లేనట్టు కొత్తగా వినిపించసాగింది. గైడు తన చేతిగడియారాన్నే చూస్తూ కూర్చుంది.

“సిద్ధాంతం ప్రకారం ఈ స్థిరాంకం అన్ని ప్రమేయాలకీ ఒకటే,” అంది పరిశోధకురాలు. “కానీ ఈ వరుస చూడండి. ముందుకెళ్ళే కొద్దీ ప్రమేయాలు సన్నబడతాయి, ఎత్తు పెరుగుతాయి. ఏ స్థిరాంకమూ వీటన్నిటికీ సరిపోదు. కింది నాలుగు పంక్తుల్లో—”

“ఒక్క మాటమ్మా,” అన్నారు ధర్మాసనం. వెన్నలాంటి స్వరం. “హారంలో n ఉంది. అది సున్నా అయితే?”

ఆమె బోర్డు వైపు చూసింది. n ఒకటి నుంచి మొదలవుతుందని రాయడం మరిచింది. ఆ రంగంలో ఎవరైనా మనసులోనే సరిదిద్దుకుని ముందుకు సాగే లోపం అది.

“ఒకటి నుంచే సర్, రాయడం—”

“ఐదేళ్ళు చదివి సున్నాతో భాగిస్తున్నావా తల్లీ?”

వెనుక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వు వరుస నుంచి వరుసకు పాకి శాఖాధ్యక్షుణ్ణి చేరింది. ఆమె సమాధానం ఆ నవ్వులో కలిసిపోయింది.

“టీ చల్లారిపోతోంది,” అన్నారు ధర్మాసనం. సభ లేచింది. గైడు ఆమె కళ్ళలోకి చూడకుండానే బయటికి నడిచింది.

గదిలో ఇద్దరే మిగిలారు. ఆయన డస్టరు అందుకుని బోర్డు తుడవసాగారు, పై పంక్తి నుంచి, ఒక్క గీతా వదలకుండా, తొందర లేకుండా.

“నా డిగ్రీ సంగతి వదిలేయండి సర్,” అంది ఆమె. “ఆ నాలుగు పంక్తులూ చెరిపే ముందు ఒక్కసారి చదవండి. మీరు తెలియక నమ్మారు, అంతే. చూస్తే మీ సిద్ధాంతంలో తప్పు మీకే కనిపిస్తుంది.”

ఆయన చేయి ఆగింది. వెనుదిరిగి, మనవరాలికి బుద్ధి చెప్పే తాతగారంత నెమ్మదిగా అన్నారు:

“అచ్చయిన వారానికే కనిపించిందమ్మా.”