సారీ చెప్పించని టీచరు

జూన్ పద్దెనిమిది. దర్జీకి ఆ రోజు బాగా గుర్తు. పొద్దున నిన్నటి రొట్టెను పాలలో ముంచుకుని తిన్నాడు. కూతురు అదీ ముట్టలేదు.

సాయంత్రం బడి నుంచి ఫోన్: "మీ పాపను ఒక బాబు కొరికాడండీ."

మెడలో టేపుతోనే పరుగెత్తాడు.

ఒకటో తరగతి గదిలో చాప. దాని మీద టీచరుగా ఓ ముసలావిడ, కొరికిన పిల్లాడు, తన కూతురు. చిట్టి చేతి మీద నాలుగు పంటి గాట్లు.

"సారీ చెప్పించారా?"

"లేదండీ."

"ఏం?"

"చెప్పమంటే చిలకలా చెప్పేస్తారు. నొప్పి పెట్టినవాళ్లు 'నీకేం కావాలి?' అని అడగాలి. అదీ నా పద్ధతి. వీడు అడిగాడు. పాప ఆలోచిస్తోంది."

దర్జీకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"తల్లి పోయి ఎనిమిది నెలలు. అప్పట్నుంచీ నోరు విప్పని పిల్లనా మీరు అడిగేది? పుండు మీద కారం చల్లడం కాదూ?"

"మీ కోపం అర్థమైంది బాబూ. కాసేపు కూర్చోండి."

"నాకూ పాఠమా!"

కూతుర్ని చంకనేసుకుని విసవిసా హెడ్మిస్ట్రెస్ గదికి నడిచాడు.

"ఆవిడైనా ఉండాలి, మా పాపైనా ఉండాలి. తేల్చండి!"

"మీకు తెలీదు, ఆవిడ..." అంటూ లేచింది హెడ్మిస్ట్రెస్.

వెనకే వచ్చిన ముసలావిడ వద్దన్నట్టు తల ఊపింది.

"పాప బడి మానకూడదు. రేపట్నుంచి నేనే రాను లెండి."

చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

దర్జీ కోపం చల్లారలేదు. ఇంటి వీధి మలుపు దాకా తిడుతూనే నడిచాడు. ఆవిడను, బడిని, కొరికిన వెధవను, వాడిని కన్నవాళ్లను.

"ఊదమను."

ఆగిపోయాడు.

"ఏంటమ్మా?"

"వాణ్ణి... ఊదమను. అమ్మ ఊదేది కదా."

కూతురు చెయ్యి చాపి ఉంది.

దర్జీ ఊదలేకపోయాడు. వచ్చిన దారినే పరుగెత్తాడు.

బడి ఖాళీ. ఆయా ఒక్కతే గది ఊడుస్తోంది.

"ఆ టీచరమ్మ ఏరీ?"

"ఎప్పుడో బస్సెక్కేశారు. ఇక రానన్నారుగా."

"ఇంకో బడి చూసుకుంటారా?"

"ఇంకో బడేంటయ్యా! ఆవిడకిక్కడ జీతమా, బత్తెమా? రెండు బస్సులు మారి, ఆ నొప్పుల మోకాళ్లతో రోజూ వచ్చేవారు."

"ఎందుకూ?"

ఆయా చీపురు మూలన పెట్టింది.

"మీ ఆవిడకి చిన్నప్పుడు అక్షరాలు దిద్దించింది ఆవిడే, పాప మాట్లాడ్డం లేదని విని వచ్చారు, చెబితే మీరు మొహమాటపడతారని చెప్పొద్దన్నారు" అంటూ, ఆ రాత్రికి గది తలుపు మెల్లిగా మూసింది.