పాలు పొంగనివ్వని పొయ్యి

సామాన్లు మోసే రోబో ఒక్క పూటలో ఇల్లు మార్చేసింది. గోడమీది క్యాలెండరు నుంచి మంచం కింది చెప్పుల దాకా పాత ఇంట్లో ఉన్నట్టే అమర్చింది. మంగతాయారుకి ఏ శ్రమా లేకపోయింది. కానీ ఈ కాలపు పొయ్యిలన్నిటిలాగే ఇక్కడిదీ పాలు పైకి రాగానే ఆరిపోతోంది. మూడుసార్లు పాలు పెట్టినా అంతే.

"పాలు పొంగకుండా కొత్తింట్లో కాపురం ఎలా పెట్టను?" అందామె.

"పొంగితే ఒలికిపోతాయి కదమ్మా?" అంది రోబో.

"ఒలకాలి నాయనా!"

ఇన్నేళ్లలో ఏ ఇంట్లోనూ చుక్క ఒలకనివ్వని ఆ రోబో, పెట్టెల జిగురు కరిగించే తన వేడి అరచేతిలోకి గిన్నె తీసుకుంది. పాలు బుసబుసా పొంగి దాని వేళ్ల మీదుగా కారాయి.

"తుడిచేయనా అమ్మా?"

"ఆగు," అంటూ మంగతాయారు ముందుగా ఆ చేతికే బొట్టు పెట్టింది.